ఎవరినీ అడగని టికెట్టు

బండి ఇంకా కదల్లేదు. పలాస స్టేషన్లో ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న నీలవేణి చేతిసంచీని ఒళ్ళో అదిమి పట్టుకుని, కదిలితే బాగుణ్ణు, కదిలిపోతే ఇక దిగిపోదామన్నా దిగలేను, అనుకుంది. అనుకున్న మరుక్షణమే, ఇంకాసేపు ఆగినా బాగుణ్ణు అని కూడా అనుకుంది. మధ్యాహ్నపు ఎండ. ఊరివైపు నుంచి జీడిపిక్కలు కాల్చిన వాసన, కొంచెం కమ్మగా, కొంచెం గొంతులో గరగరగా. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసనకి కళ్ళు మండేవి, తర్వాత తర్వాత అదొకటి ఉన్నట్టే తెలియకుండా పోయింది, ఇవాళ మళ్ళీ తెలుస్తోంది, అంటే తను నిజంగానే వెళుతున్నట్టు. సంచీలో ఫోను, ఫోనులో విమానం టికెట్టు. విశాఖపట్నం నుంచి చెన్నై, చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్. రేపు తెల్లారి ఎక్కితే మధ్యాహ్నానికి సముద్రానికి అవతల. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో. పేరు సరిగ్గానే ఉంది, తేదీ సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిదల్లా ఒకటే, ఎవరి దగ్గరికి వెళుతోందో ఆ కుసుమకి తను వస్తున్నట్టు తెలియదు. చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దనే అంది, ఒకసారి కాదు.

డబ్బు పెట్టి కొన్న టికెట్టు కాదిది. అక్క కొడుకు కృష్ణచైతన్య టెక్కలిలో బ్యాంకు ఉద్యోగి, వాడే మొదట చెప్పాడు. బాబాయి క్రెడిట్ కార్డు మీద నీ పేరుతో ఇంకో కార్డు తీసుకో పిన్నీ, మీరు ఎలాగూ ఖర్చు పెడతారు గదా, ఆ ఖర్చంతా దీని మీద పెడితే పాయింట్లొస్తాయి, పాయింట్లు పోగైతే విమానం ఎక్కొచ్చు, ఊరికే, అన్నాడు. ఊరికే అన్న మాట ఆమెకి నచ్చింది. కార్డు వచ్చిన రోజున దాని మీద ఎత్తుగా అచ్చేసిన తన పేరుని వేలితో తడిమి చూసుకుంది. శుభలేఖ తర్వాత తన పేరు అంత ముచ్చటగా అచ్చులో చూడటం అదే, శుభలేఖలోనైనా పక్కన ఇంకో పేరుంది. ఇక చూసుకో, భర్త ధనుంజయ్ జీడిపప్పు ఫ్యాక్టరీకి మోటారు కొన్నా, పార్టీ మీటింగుకి షామియానా వేయించినా, ఫ్లెక్సీలు కొట్టించినా, కార్లకి డీజిలు పోయించినా, ఆగు బావా, నా కార్డిత్తాను, అని పరిగెత్తుకొచ్చేది. ఎదురింటి జోగమ్మత్త ఫ్రిజ్జు కొంటే తన కార్డు గీసి చేతికి డబ్బు తీసుకుంది, గ్యాసు బండకైనా అంతే. వీధిలో అందరూ కార్డు వదినా అని పిలవడం మొదలుపెట్టారు, నవ్వేవారు, తనూ నవ్వేది, ఆ నవ్వు వెనకాల ఏముందో ఎవరికీ చెప్పలేదు. ఎవరో పెళ్ళికి వెళ్తారు, వాళ్ళ ప్రయాణం కొంచెం తన ప్రయాణమవుతుంది. ఎవరో బియ్యం బస్తా కొంటారు, సముద్రం మీద ఆకాశంలో తను ఇంకొంచెం ముందుకి జరుగుతుంది. ఇద్దరికీ రానూపోనూ సరిపడా పోగయ్యాయని తెలిసిన రోజు ధనుంజయ్ కూడా సరదా పడ్డాడు, ఎల్దాం నీలా, ఎలచ్చన్లు అయిపోనియ్యి, అన్నాడు. ఎలక్షన్లు అయిపోయాయి. తర్వాత ఎవరిదో భూమి తగువు, తర్వాత ఎవరికో ఆపరేషను, ఇంటి నిండా ఎప్పుడూ మనుషులు, పొయ్యి మీద ఎప్పుడూ టీగిన్నె. ఈలోగా బ్యాంకువాళ్ళు పాయింట్ల విలువ మార్చేశారు. పిన్నీ, ఇప్పుడీ పాయింట్లకి ఒక్కరికే వస్తాది, అదీ వెళ్ళడానికే, అని కృష్ణచైతన్య ఫోన్లో నసిగాడు. ఆ ఒక్క టికెట్టే తీసెయ్యి, అంది.

బండి కదిలింది. ప్లాట్‌ఫారం వెనక్కి పోతుంటే ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు, తెల్ల చొక్కా, చేతిలో సంచీ, ఈ వయసులో ఈ పరుగేమిటి పడిపోతాడు అని ఆమె అనుకుంటూ ఉండగానే ఆ మనిషి వెనక తలుపు కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు, ఎక్కినవాణ్ణి మొహం చూడకుండానే గుర్తుపట్టింది. ధనుంజయ్. పొద్దున్న, బావా, నాను కుసుమ కాడికి ఎల్తన్నాను, పోర్టుబ్లెయిరు, టికెట్టు తీసీసేను, అని చెప్పినప్పుడు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే చూశాడు, ఏమీ అనలేదు, మందసలో ఎవరింట్లోనో పరామర్శ ఉందని బయలుదేరి వెళ్ళిపోయాడు. ఆటోలో స్టేషనుకి వస్తున్నంతసేపూ ఆమెకి అదే కొరుకుతూ ఉంది, తిట్టినా బాగుండేది. ఇప్పుడేమో ఊపిరి ఎగబీలుస్తూ పెట్టెలోంచి నడిచొస్తున్నాడు, మధ్యలో ఎవరో లేచి, నమస్కారం బాబూ, అంటే అలవాటుగా చెయ్యెత్తుతూ. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నవుపాడలో దిగిపోతాను, టెక్కలిలో పనుంది, అన్నాడు. ఆమె తలూపింది. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

కొబ్బరితోటలు. వెనక్కి వెనక్కి వెళ్ళిపోయే కొబ్బరితోటలు, వాటి నడుమ జీడిమామిడి, వాటి వెనకాల ఎక్కడో కంటికి ఆనని సముద్రం. కుసుమ వాళ్ళ తోట జలంత్రకోటలో తమ తోటకి ఆనుకునే ఉండేది. రెండు తోటలకీ మధ్య కంచె లేదు, రెండిళ్ళకీ మధ్య ఆ ఈడు పిల్లలు లేరు వీళ్ళిద్దరూ తప్ప. సోంపేట కాలేజీకి ఒకే సైకిలు మీద, వెళ్ళేటప్పుడు నువ్వు తొక్కు, వచ్చేటప్పుడు నేను తొక్కుతాను, వచ్చేటప్పుడు ఎదురుగాలి, అయినా కుసుమే తొక్కేది, వెనక కూర్చుని ఆమె వీపుకి చెవి ఆనిస్తే లోపల ఊపిరి ఆడుతున్న చప్పుడు వినిపించేది. ఎంత దగ్గరగా విన్న చప్పుడు అది. ఆ తర్వాత ఏ మనిషి ఊపిరినీ అంత శ్రద్ధగా వినలేదేమో, పక్కన పడుకున్న మనిషిది కూడా. బారువ ఒడ్డున ఇసకలో కూర్చుని, అవతలేటుంటాదే, అని తను అడిగితే, కుసుమ కొంచెం కూడా ఆలోచించకుండా, ఏటుంటాది, మనలాటోళ్ళే ఇద్దరు కూకుని ఇటేపు సూత్తుంటారు, అనేది. ఆ అవతలికే వెళ్ళిపోయింది చివరికి. పెళ్ళికొడుకువాళ్ళకి పోర్ట్‌బ్లెయిర్‌లో టిఫిను కొట్టు ఉందన్నారు. ఓడ విశాఖపట్నంలో ఎక్కాలన్నారు. అప్పటికి తనకి పెళ్ళయి నెలైనా కాలేదు, కొత్తకోడలు రేవుకి పోవడమేమిటన్నారు, దాంతో అత్తవారింటి నుంచి పుట్టింటికి వెళ్తానని చెప్పి ఆ సాయంత్రం బారువ ఒడ్డుకి వెళ్ళి నిలబడింది. ఓడ ఇటుగా వెళ్తుందని. చీకటిపడేదాకా నిలబడితే కనిపించినవి చేపల పడవలు. విశాఖపట్నంలో బయలుదేరిన ఓడ ఇటు రానే రాదని తర్వాత ఎప్పుడో తెలిసింది, తెలిసినా మనసు ఆ సాయంత్రాన్ని మార్చుకోలేదు, ఆ పడవల్లో ఒకదాన్ని కుసుమ ఎక్కిన ఓడగానే ఉంచుకుంది.

"కుసుమకి ఎలగుంది?" అన్నాడు ధనుంజయ్.

"వారానికి మూడుసార్లు మిషను మీద పెడతన్నారు," అంది నీలవేణి.

ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ ఊళ్ళో ఏ వీధిలో చూసినా కిడ్నీలు పాడైన మనిషి ఉంటాడు, పలాస ఆసుపత్రి దగ్గర ఆగే ఆటోలన్నీ డయాలసిస్‌కి వచ్చినవే. నీళ్ళన్నారు, నేలన్నారు, ఎండన్నారు, ఏదీ తేల్చలేదు. కుసుమ ఎప్పుడో వెళ్ళిపోయింది గదా, వేరే నీళ్ళు తాగింది గదా, అది తప్పించుకుందని తను ఎంత ధీమాగా ఉండేది. సముద్రం దాటి వెళ్ళినా ఆ జబ్బు కూడా ఎక్కడో సామానులో సర్దుకుని వెళ్ళినట్టు, నిరుడు వానాకాలంలో కాళ్ళు వాచాయంది, తర్వాత మొహం వాచిందంది, తర్వాత ఒకరోజు నవ్వుతూ, ఒలే నీలా, నానూ మనూరిదాన్నే అనిపించుకున్నానే, అంది. అంతకుముందు ఇన్నేళ్ళూ ఫోను పెట్టేసేముందు ఒకటే మాట, రాయే, ఒక్కసారి రాయే. తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడుకున్నాక వాళ్ళ నాన్న తోట అమ్మేశాడు, తర్వాత ఆయనా పోయాడు, అమ్మా పోయింది, ఇక కుసుమకి ఇటు రావడానికి ఇల్లంటూ లేదు, అందుకని నువ్వే రాయే అనేది. వత్తానే, అనేది తను. వత్తానే అన్నది ఎన్నాళ్ళు అంటే, ఆ మాటకి అర్థం అరిగిపోయి అది ఫోను పెట్టేసేముందు అనే ఉంటానే లాగా తయారయ్యింది. మిషను మీదికి వెళ్ళాక మాత్రం కుసుమ రాయే అనడం మానేసింది. ఇప్పుడొద్దే, అంది. నన్నిలగ సూడొద్దు, అంది. వీడియోలో మాట్లాడదామంటే సిగ్నలు లేదంటుంది. నల్లబడిపోయిందేమో. జుట్టు ఊడిపోయిందేమో. చేతి మీద సూదులు గుచ్చేచోట లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుయ్యిమంటాదంట, చెవి దగ్గర పెట్టుకుంటే వినపడుతుందంట, అది చెప్పినప్పుడు మాత్రం కుసుమ గొంతు చిన్నప్పటిలా ఉంది.

బండి పూండి దాటింది. ధనుంజయ్ కాళ్ళ దగ్గర పెట్టిన సంచీ తీసి ఆమె పక్కన పెట్టాడు. "మన ఫ్యాక్టరీయే. పెద్దపప్పు. నేనే ఏరించేను. ఆళ్ళకియ్యి."

ఆమె సంచీ విప్పి చూసింది. ఒక్కొక్క గుండు పప్పూ ఏరి పెట్టినట్టే ఉంది. మందస వెళ్ళలేదన్నమాట. పొద్దుట్నుంచీ ఫ్యాక్టరీలో కూర్చుని ఇదే చేయించాడు. "కుసుమ తినకూడదు బావా. జీడిపప్పు తినకూడదు, కొబ్బరినీళ్ళు తాగకూడదు, పనస ముట్టుకోకూడదు. మనకాడ పండిందేదీ పడదు దానికి."

అతను సంచీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఊళ్ళో పదిమందినీ కూర్చోబెట్టి తగువులు తీర్చే మనిషి, ఎక్కడ ఏ మాట అనాలో తెలిసిన మనిషి. "మరేటి పట్టుకెల్తన్నావు?"

"ఏటీ నేదు. నాను ఎల్తన్నాను గదా."

సంచీని నెమ్మదిగా తనవైపు లాక్కున్నాడు. మూతి మళ్ళీ కట్టాడు, ముడి రెండుసార్లు వేశాడు. "అడిగితే నేను కొనీవోణ్ణి గదా నీలా. రానూపోనూ కొనీవోణ్ణి. ఈ పాయింట్లేటి, ఈ అగసాట్లేటి."

"కొందువు. నువ్వెప్పుడు కాదన్నావు." కిటికీ ఊచ మీద తుప్పుని గోటితో గీకింది. "నాకు అడక్కుండా ఎల్లాలనుంది బావా. ఒక్కపాలి."

ఆ మాట అనేశాక తనకే ఆశ్చర్యం వేసింది. కోపంగా అనలేదు. దాహం వేస్తోంది అన్నంత మామూలుగా వచ్చింది నోట్లోంచి. ఇన్నేళ్ళలో అతను వద్దన్నది ఏదీ లేదు, చీరా, నగా, ఊరూ, ఏదీ. కానీ ప్రతిదానికీ ముందు అడగడం ఉంది, అతను ఖాళీగా ఉన్న ఘడియ కోసం కనిపెట్టుకుని ఉండటం ఉంది, అలాగే అన్నాక ఆ అలాగే ఏ రోజున పండుతుందా అని చూడటం ఉంది. ఈ పాయింట్లలో అది లేదు. అవి ఎవరూ ఇచ్చినవి కావు, ఎవరి చేతిలోంచీ తీసుకున్నవి కావు, వాన నీళ్ళు చూరు కింద బిందెలో నిండినట్టు నిండాయి, ఆ బిందె మాత్రం తను పెట్టింది. ఇవన్నీ అతనికి చెబుదామా అనుకుంది. చెబితే వింటాడు కూడా, ఇవాళ వింటాడు. కానీ బయట ఉప్పుమడులు మొదలయ్యాయి, నేలంతా అద్దంలా మెరుస్తోంది, కుప్పలుపోసిన ఉప్పు తెల్లగా, కళ్ళు చికిలించాల్సి వచ్చింది. నవుపాడ.

"తిరుగు టికెట్టు ఎప్పుడికి?" అతను లేచి నిలబడి అడిగాడు. చెయ్యి పైబెర్తు గొలుసుని పట్టుకుని ఉంది.

"ఒకవేపుకే సరిపోయేయి పాయింట్లు."

"నేను తీత్తాను. తేదీ సెప్పు."

ఆమె తలెత్తి చూసింది. పరుగెత్తడం వల్ల చొక్కా చంకల్లో తడిసింది, నుదుటి మీద జుట్టు అతుక్కుంది, పెళ్ళయిన కొత్తలో బారువ నుంచి వస్తూ దారి తప్పి ఇద్దరూ నడిచి నడిచి ఇల్లు చేరిన రోజు ఇలాగే ఉన్నాడు, ఆ రోజు ఇతను నడుస్తూనే ఏదో పాట ఈలవేశాడు. ఆ ఈల ఎటుపోయిందో. దాని కోసం కూడా తను ఎదురుచూస్తూనే ఉందేమో, టీలు పెడుతూ, కార్డులు గీస్తూ. "తేదీ నాకూ తెల్దు బావా. అక్కడికెల్లి దాన్ని సూత్తే గాని తెల్దు."

అతను ఇంకేదో అడగబోయి ఆగాడు. వస్తావు గదా, అని అడగబోయాడు. ఆమెకి తెలుసు. అడగలేదు. "మందులేటైనా కావాలంటే ఫోను సెయ్యి. ఏ ఊరు డాక్టరుతోనైనా మాటాడతాను," అని గబగబా దిగిపోయాడు. దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడి, చేతిలో ఆ జీడిపప్పు సంచీతో, ఎవరో వచ్చి పలకరిస్తే ఈసారి చెయ్యెత్తలేదు. కిటికీ వైపే చూస్తున్నాడు. బండి కదిలి, అతను చిన్నవాడై, ఎవరో ఒక తెల్లచొక్కా మనిషి అయిపోయేదాకా ఆమె చూసింది, చూస్తూ, ఇన్నేళ్ళలో ఇతన్ని తను సాగనంపిందే గాని తనని ఇతను సాగనంపడం ఇదే గదా, అనుకుంది, అనుకుంటే ఎందుకో ఏడుపొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక మిగిలింది ఒకటే పని. కోటబొమ్మాళి వస్తోంది, కుసుమకి చెప్పేయాలి, ఇప్పుడు చెప్పకపోతే విశాఖపట్నంలో చెప్పాలి, అక్కడా చెప్పకపోతే నేరుగా గుమ్మంలో నిలబడాలి. గుమ్మంలో నిలబడితే తలుపు తీసిన మనిషి మొహంలో మొదట ఏం కనిపిస్తుంది? అది చూడటానికి ధైర్యం ఉందా తనకి? రాయే రాయే అన్నన్నేళ్ళూ వెళ్ళకుండా, వద్దన్నాక వెళ్ళడం ప్రేమ ఎలా అవుతుంది, చివరిచూపుకి వచ్చినట్టు అవుతుంది గాని. అలా అనుకుంటుందేమో. వాచిన మొహం కొంగుతో కప్పుకుని పక్కకి తిరుగుతుందేమో. లేకపోతే మర్యాదగా మాట్లాడుతుందేమో, కూర్చో, నీళ్ళు తాగుతావా, ఎన్నాళ్ళుంటావు, అని, అది అన్నిటికంటే ఘోరం. సైకిలు వెనక కూర్చుని విన్న ఆ ఊపిరి, ఆ మనిషి, మర్యాదగా మాట్లాడితే తను ఎక్కడికి పోవాలి. ఫోను తీసి కుసుమ పేరు మీద వేలితో నొక్కింది. నొక్కాక ఇక ఆలోచించడానికి ఏమీ లేకపోయింది, అవతల మోగడం తప్ప.

"ఏటే, ఈయేలప్పుడు సేసేవు?" కుసుమ గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు.

"కుసుమా, నాను వత్తన్నానే. రేపు. విమానంలో."

గిన్నెల చప్పుడు ఆగింది. ఫోను కట్టయిందేమో అని చూసుకుంది, కట్టవలేదు.

"ఎవులు రమ్మన్నారే నిన్ను?" కుసుమ అరిచింది. "వొద్దన్నానా నేదా? సెవులున్నాయా నేవా? నీకు సూడ్డానికి నానేటి తీర్థంలో బొమ్మనా?" గొంతు చివర విరిగింది. లైను తెగిపోయింది.

నీలవేణి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుసీటు ఖాళీగా ఉంది. బండి ఏదో వంతెన దాటుతోంది, చక్రాల కింద చప్పుడు మారింది, మళ్ళీ మామూలయింది. తిలారులో దిగిపోయి తిరుగు బండి పట్టుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. టీ పెట్టే వేళకి. ఎవరూ ఏమీ అడగరు కూడా. అడగరు, అదే. లేచింది, సంచీ భుజానికి తగిలించుకుంది, రెండడుగులు వేసింది, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. అరిచింది గదా. అంత గట్టిగా అరిచింది గదా. మర్యాదగా మాట్లాడలేదు.

ఫోను మోగింది.

"ఏ పూట దిగుతావు?" కుసుమ. ముక్కు ఎగబీలుస్తోంది.

"మజ్జానం."

"రేపు మంగళారం. మంగళారం మజ్జానం నాకు మిషనుంటాది. ఎయిర్‌పోర్టుకి రానేను."

"ఆసుపత్రికే వచ్చీత్తాను."

"లోనికి ఎవుల్నీ రానివ్వరే."

"బయిట కూకుంటాను."

అవతల కాసేపు ఏమీ లేదు, ఊపిరి తప్ప. ఎదురుగాలిలో తొక్కుతున్నట్టు ఆయాసంగా ఉంది ఆ ఊపిరి. నీలవేణి ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నాలుగ్గంటలు పడతాదే," అంది కుసుమ.

"కూకుంటాను."